ఎక్స్‌రేలో కనిపించని నొప్పి

జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. కాలు బెణికితే వాపు కనిపిస్తుంది. కాని "ఛాతీలో ఎడమపక్క పోటు వస్తోంది, పక్కటెముకల మీద ఒకచోట మొద్దుబారినట్లుంది, రొమ్ము ఎముక పక్కన చిన్న బుడిపె చేతికి తగులుతోంది" అని పద్నాలుగేళ్ళ పిల్లవాడు చెబితే చూసేవాళ్ళకు ఏమీ కనిపించదు. ఆసుపత్రికి వెళితే ఇ.సి.జి. బాగుందంటారు, ఎక్స్‌రే బాగుందంటారు. అక్కడినుంచి ఆ పిల్లవాడు రెండు మాటల్లో ఏదో ఒకటి వింటాడు. ఒకటి "గ్యాస్ అయ్యుంటుంది". రెండోది "స్టడీ అవర్ తప్పించుకోవడానికి నాటకం". ఈ రెండో మాట నొప్పికంటే ఎక్కువ బాధ పెడుతుంది. అది విన్నవాడు మళ్ళీ ఎవరికీ చెప్పడు. నిజంగా చెప్పవలసిన ప్రమాదం వచ్చిన రోజున కూడా చెప్పడు. అందుకే ఈ వ్యాసం.

నాకు ఈ హాస్టల్లోనే, 9వ తరగతిలో మొదలైంది. ఎడమపక్క రెండో పక్కటెముక రొమ్ము ఎముకను కలిసేచోట శనగగింజంత ఎత్తు, దాని చుట్టూ నొప్పి, చంక కింద అరచేతి వెడల్పున స్పర్శ మందగించడం. ఇ.సి.జి., ఎక్స్‌రే, స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. ఒక డాక్టరుగారు ఒక పేరు చెప్పారు, ఇంకొకరు అది కాదన్నారు. ఇప్పుడు నేను ఫిజియోథెరపీ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. బుడిపె అలాగే ఉంది. నొప్పి నెలకు నాలుగైదు రోజులు వచ్చి పలకరించి పోతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో ఎవరికైనా ఇలాంటిది ఉంటే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో, దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కరలేదో నేను చదివి తెలుసుకున్నది చెబుతాను.

ఛాతీ గోడ

ఛాతీ అనగానే మనకు గుండె గుర్తుకొస్తుంది. కాని గుండె చుట్టూ ఒక గోడ ఉంది. 12 జతల పక్కటెముకలు, ముందువైపు రొమ్ము ఎముక, వెనక వెన్నెముక, మధ్యలో కండరాలు, పైన చర్మం. పై 7 జతల ఎముకలు మెత్తటి మృదులాస్థి ముక్కల ద్వారా నేరుగా రొమ్ము ఎముకకు అతుక్కుంటాయి. 8, 9, 10వ జతలు పైదాని మృదులాస్థిని ఆనుకుంటాయి. చివరి రెండు జతలకు ముందువైపు ఆధారమే లేదు. ప్రతి పక్కటెముక కింది అంచున గాడిలో ఒక నరం, రక్తనాళాలు పోతుంటాయి.

ఈ గోడకు సెలవు లేదు. కాలు విరిగితే సిమెంటు కట్టు వేసి కదలకుండా ఉంచవచ్చు. ఛాతీని అలా ఉంచలేము. నిమిషానికి 14 సార్లు ఊపిరి తీసుకున్నా రోజుకు 20 వేల సార్లు ఆ కీళ్ళన్నీ కదులుతాయి. అందుకే ఇక్కడ చిన్న వాపు వచ్చినా తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. మృదులాస్థి మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించదు కూడా. కాబట్టి "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అంటే ఎముక విరగలేదు, ఊపిరితిత్తుల్లో కనిపించేంత జబ్బు లేదు అని అర్థం. నొప్పి లేదని కాదు.

పిల్లల్లో, యువకుల్లో ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వచ్చేవారిలో గుండె జబ్బు కారణమయ్యేది నూటికి ఐదుగురిలోపే. ఎక్కువమందిలో కండరాలు, మృదులాస్థులు కారణం. ఇంకా చాలామందిలో ఎంత వెతికినా కారణం దొరకదు. అంటే కారణం దొరకకపోవడం మన ఒక్కరి దురదృష్టం కాదు.

పేరున్న నొప్పులు

మృదులాస్థి ఎముకను కలిసేచోట వచ్చే నొప్పిని కాస్టోకాండ్రైటిస్ అంటారు. వేలితో నొక్కితే సరిగ్గా అక్కడే నొప్పి పుడుతుంది. దీర్ఘంగా ఊపిరి పీల్చినా, దగ్గినా, చెయ్యి అడ్డంగా చాచినా పెరుగుతుంది. పైకి వాపు ఉండదు. వాపు కూడా కనిపిస్తే, ముఖ్యంగా రెండో లేదా మూడో పక్కటెముక దగ్గర, దాన్ని టీట్జే సిండ్రోమ్ అంటారు. 1921లో అలెగ్జాండర్ టీట్జే అనే జర్మన్ సర్జన్ దీన్ని వర్ణించారు. ఇది క్యాన్సర్ కాదు, గుండె జబ్బు కాదు.

మన హాస్టల్ వయసు పిల్లల్లో ఇంకొకటి చాలా మామూలు. ఊరికే కూర్చుని ఉండగా ఎడమ రొమ్ము కింద సూదితో గుచ్చినట్లు ఒక్కసారిగా పోటు వస్తుంది. ఊపిరి పీలిస్తే ఎక్కువవుతుంది కాబట్టి బిగబట్టి కూర్చుంటాం. కొన్ని సెకన్లలో, మహా అయితే రెండు మూడు నిమిషాల్లో ఎలా వచ్చిందో అలా పోతుంది. దీన్ని 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే ఇద్దరు వైద్యులు వర్ణించారు. మిల్లర్‌కే అది వచ్చేది కూడా. ఎందుకు వస్తుందో ఇప్పటికీ ఖచ్చితంగా తెలియదు. ప్రమాదం లేదు, వయసు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. ఒకరి స్వానుభవం వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది, అదీ కారణం తెలియకుండానే. ఈ సంగతి చదివిన రోజు నాకు ఎంతో ధైర్యం వచ్చింది.

కింది పక్కటెముకల కొస జారి పైదానికి తగిలి "టక్" మనడం మరొకటి. వంగినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు వస్తుంది. కండరం పట్టేయడం సంగతి చెప్పనే అక్కరలేదు. నీళ్ళ బకెట్లు ఒక్క చేత్తో మేడమీదికి మోయడం, ట్రంకు పెట్టె లాగడం, కబడ్డీలో పట్టు పట్టడం, చాప మీద బోర్లా పడుకుని గంటలకొద్దీ చదవడం, ఇవన్నీ ఛాతీ గోడ మీద పడే బరువులే.

చేతికి తగిలే గడ్డలు

ముందుగా ఒక మాట. రొమ్ము ఎముక కింది కొసన, పొట్ట మొదలయ్యేచోట, గట్టిగా ఒక మొన తగులుతుంది. అది అందరికీ ఉంటుంది. కొందరికి బయటికి వంగి ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్ళు ఒకరోజు స్నానం చేస్తూ దాన్ని కనిపెట్టి కణితి అనుకుని నిద్ర మానేస్తారు. అది ఎముకే.

చర్మం కింద మెత్తగా, నొక్కితే జారుతూ, నొప్పి లేకుండా ఉండేది చాలాసార్లు కొవ్వు గడ్డ. మధ్యలో నల్లటి చుక్కతో చర్మానికే అంటుకుని ఉండేది తిత్తి. దాన్ని గిల్లితే చీము పడుతుంది.

13, 14 ఏళ్ళ మగపిల్లల్లో చనుమొన కింద రూపాయి బిళ్ళంత గట్టి గడ్డ కట్టి, చొక్కా తగిలినా నొప్పి పెట్టడం చాలా మామూలు. ఆ వయసు మగపిల్లల్లో సుమారు సగంమందికి ఎంతో కొంత వస్తుంది. హార్మోన్ల మార్పే కారణం. ఎక్కువమందిలో ఆరు నెలల నుండి రెండేళ్ళలో అదే కరిగిపోతుంది. దీన్ని పట్టుకుని రూములో తోటివాణ్ణి ఏడిపించడం, పేర్లు పెట్టడం మన హాస్టళ్ళలో ఉంది. ఏడిపించేవాడికీ వచ్చే ఏడు అదే రావచ్చని మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక్కవైపే రాయిలా గట్టిపడినా, చనుమొన నుండి స్రావం వచ్చినా, వృషణంలో గడ్డ తగిలినా డాక్టరుకు చూపించాలి. కండలు పెంచుతాయని తెలియని పొడులు, ఇంజెక్షన్లు వాడేవారికి కూడా ఇది రావచ్చు.

ఆడపిల్లల్లో రొమ్ము పెరగడం మొదలైనప్పుడు ఒకవైపు ముందుగా, నొప్పితో గడ్డలా రావడం సహజం. నెలసరికి ముందు రెండువైపులా బరువు, నొప్పి కూడా సహజమే. పదిహేనేళ్ళు దాటాక వేలికి అందకుండా జారిపోయే, నొప్పిలేని గుండ్రటి గడ్డ కనిపిస్తే అది ఎక్కువగా ఫైబ్రోఎడినోమా అయ్యుంటుంది. అది క్యాన్సర్ కాదు. అయినా ఒకసారి స్కానింగు తీయించాలి. గడ్డలో ఉన్నది నీరా, కండా అని స్కానింగు చెబుతుంది. సూది పరీక్ష రాస్తే భయపడవద్దు. సూది గుచ్చితే గడ్డ క్యాన్సర్‌గా మారుతుందన్న మాట ఊళ్ళలో బాగా నాటుకుపోయింది, అది నిజం కాదు. సిగ్గుతో భుజాలు ముందుకు ముడుచుకుని, ఛాతీని బిగుతుగా కట్టేసుకుని తిరిగితే ఉన్న నొప్పి రెట్టింపవుతుంది.

మొద్దుబారడం

తిమ్మిరి వేరు, మొద్దుబారడం వేరు. చీమలు పాకినట్లుండేది తిమ్మిరి. తాకినా తెలియకపోవడం మొద్దుబారడం. డాక్టరుకు చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పాలి.

ఛాతీ చర్మం అంతా అడ్డపట్టీలుగా నరాల మధ్య పంచుకున్న పొలంలాంటిది. ఒక్కొక్క నరానికి ఒక్కొక్క పట్టీ. చనుమొనల ఎత్తున ఉన్న పట్టీ నాలుగో నరానిది, బొడ్డు దగ్గరది పదో నరానిది. నరం వెన్ను దగ్గర బయలుదేరి పక్కటెముక వెంట ముందుకు వస్తుంది. దారిలో ఎక్కడ నొక్కుకున్నా, కండరం బిగుసుకుని ఒరుసుకున్నా దాని పట్టీలో మంట, తిమ్మిరి, మొద్దు తెలుస్తాయి. తప్పు వీపులో ఉంటే ఫిర్యాదు ఛాతీలో ఉంటుంది. చంక, పై చెయ్యి లోపలివైపు చర్మానికి వెళ్ళే నరం కూడా ఛాతీ నుండే వస్తుంది. అందుకే ఛాతీ గోడ నొప్పి ఉన్నవారికి చెయ్యి కూడా తిమ్మిరెక్కవచ్చు. ఎడమ చెయ్యి అయితే ఇక గుండెపోటే అనుకుంటాం.

ఒకవైపు ఒకే పట్టీలో మంట మొదలై రెండు మూడు రోజులకు నీటి పొక్కులు లేస్తే అది సర్పి. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ క్రిమి నరంలో దాగి ఉండి మళ్ళీ లేవడం వల్ల వస్తుంది. మొదటి 3 రోజుల్లో మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మంత్రం వేయించుకుంటూ ఆ మూడు రోజులు పోగొట్టుకోకూడదు.

భయంలో వేగంగా ఊపిరి తీస్తే కూడా పెదవుల చుట్టూ, వేళ్ళలో తిమ్మిరి వస్తుంది, ఛాతీ బిగుసుకుంటుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గడమే కారణం. పరీక్షల ముందు రాత్రి చాలామందికి వచ్చేది ఇదే. ఇది నటన కాదు, శరీరంలో నిజంగా జరిగే మార్పు.

చర్మం మీద రంగు తగ్గిన మచ్చ, లేదా ఎర్రటి మచ్చ ఉండి దాని మీద గిల్లినా, వేడి తగిలినా తెలియకపోతే మాత్రం ఆలస్యం చేయకండి. అది కుష్ఠు కావచ్చు. ఆ పేరు వింటేనే మన వాళ్ళు దాచేస్తారు. రకాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. హాస్టల్ నుండి పంపించేయవలసిన అవసరమూ లేదు.

ఎప్పుడు ఆగకూడదు

పరుగెత్తుతుండగా ఛాతీ నొప్పి వచ్చి కళ్ళు తిరిగి పడిపోతే, ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉంటే, గుండె పరీక్ష తప్పనిసరి. ఒక్కసారిగా ఒకవైపు పోటు వచ్చి ఊపిరి అందకపోతే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉండవచ్చు, సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాళ్ళలో ఇది ఎక్కువ. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాచి, ఆయాసం, జ్వరం వస్తే రుమాటిక్ జ్వరం కావచ్చు. అది గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఇరుకు గదుల్లో కలిసి ఉండే పిల్లల్లో దీని మీద కన్ను వేసి ఉంచాలి.

సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు, వీటితోపాటు ఛాతీ మీద వేడి లేని మెత్తటి వాపు ఉంటే క్షయ కోసం వెతకాలి. క్షయ ఊపిరితిత్తులకే కాదు, పక్కటెముకకు, వెన్నుకు కూడా వస్తుంది. మందులు ఉచితం. పౌష్టికాహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి దాన్ని 1000 చేశారు. ఛాతీ చుట్టూ బెల్టు బిగించినట్లు మొద్దుబారి కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. గడ్డ రాయిలా గట్టిగా, కదలకుండా, నెలనెలా పెరుగుతుంటే, రాత్రి నొప్పికి నిద్ర లేస్తుంటే ఊరుకోకూడదు.

పేరు దొరకనప్పుడు

ఇవేవీ కాదని తేలింది. పరీక్షలన్నీ బాగున్నాయి. నొప్పి మాత్రం ఉంది. ఇప్పుడేం చేయాలి?

నొప్పి గురించి పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించింది. దానికి జతచేసిన వివరణల్లో, ఒక వ్యక్తి తనకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022 జనవరి నుండి అమలులోకి వచ్చింది. మూడు నెలలు దాటి ఉండి, వేరే జబ్బుతో వివరించలేని నొప్పికి అందులో సొంతంగా ఒక స్థానం ఇచ్చారు. అంటే "నీకేం లేదు పో" అన్న మాట వైద్యశాస్త్రం ప్రకారం కూడా చెల్లదు.

నొప్పి చాలాకాలం ఉంటే నరాల వ్యవస్థ అతిజాగ్రత్త పడుతుంది. ఇంటి కుక్క ఒకసారి దొంగను చూశాక ఆకు కదిలినా మొరుగుతుందే, అలాగ. గాయం మానినా మొరగడం ఆగదు. దాన్ని కొట్టి మాన్పించలేము, మెల్లగా అలవాటు చేయాలి. పూర్తిగా మంచం ఎక్కితే కండరాలు బలహీనపడి నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి లేని రోజున రెండు రోజుల ఆట ఒక్కసారే ఆడితే మరుసటి వారం పోతుంది. నేను చేసేది ఇది: మంచిరోజైనా చెడ్డరోజైనా అంతే నడక, అంతే వ్యాయామం. రెండు వారాలకొకసారి కొంచెం పెంచుతాను. గుమ్మం మధ్య నిలబడి రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి ఛాతీని మెల్లగా ముందుకు వంచడం, 20 సెకన్లు, మూడుసార్లు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలడం, ఐదు నిమిషాలు. బకెట్లు రెండు సగం సగం నింపి రెండు చేతులతో మోయడం. పక్కకు తిరిగి పడుకుంటే దుప్పటి మడత ఛాతీకి ఆనించుకోవడం.

వేడి కాపడం మంచిదే, చర్మం కాలకుండా. మొద్దుబారిన చోట మాత్రం వేడి పెట్టవద్దు, కాలినా తెలియదు. బామ్ రాస్తే కాసేపు హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆశించకండి. వాతలు పెట్టడం, గడ్డమీద ఆకుపసరు కట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే, ఐబుప్రోఫెన్ లాంటివైతే అన్నం తిన్నాకే. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఐబుప్రోఫెన్ అసలు వేసుకోకూడదు. అన్నిటికంటే కష్టమైనది గడ్డను మాటిమాటికీ నొక్కి చూసుకోకుండా ఉండటం. రోజుకు ఇరవైసార్లు నొక్కితే మంచి కండ కూడా నొప్పి పెడుతుంది. నెలకొకసారి, మొదటి ఆదివారం చాలు.

ఆ ఆదివారం ఒక నోటుబుక్కులో రాయండి. గడ్డ శనగగింజంతా, రేగుపండంతా? నొప్పి పదికి ఎన్ని మార్కులు? ఏం చేస్తే పెరిగింది? మనిషి బొమ్మ గీసి మొద్దుబారిన చోట గీతలు పెట్టండి. ఓ.పి. చీట్లు, రిపోర్టులు పాలిథిన్ కవరులో వేసి ట్రంకు పెట్టెలో అడుగున పెట్టుకోండి. డాక్టరుగారికి దొరికే సమయం తక్కువ, ఆ పుస్తకం చూపిస్తే మీ ఆరు నెలలు ఆయన ఒక్క నిమిషంలో చదువుతారు. "గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయా? ఏ లక్షణం వస్తే మళ్ళీ రావాలి?" అని రెండే ప్రశ్నలు అడగండి. రెండోదానికి జవాబు రాసుకోండి. నొప్పివల్ల నిద్ర పట్టక, దిగులుగా, బతకాలనిపించకుండా ఉంటే 14416కు ఫోన్ చేయవచ్చు. అది 2022లో మొదలైన ప్రభుత్వ టెలీమానస్, డబ్బు ఖర్చు కాదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక వార్డెన్ గారికి చెప్పడం ఎలా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. నొప్పి వచ్చిన క్షణంలో కాక, బాగున్న రోజున, పుస్తకం పట్టుకుని, ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. "పి.హెచ్.సి.కి వెళ్ళాలి సార్" అని అడగండి. బాలికల హాస్టల్లో అయితే మేట్రన్ గారితోనో, ఏ.ఎన్.ఎం. అక్కతోనో చెప్పవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలను చూడటానికి వైద్య బృందం ప్రభుత్వ పాఠశాలలకు వస్తుంది. ఆ బృందంలో ఒక పురుష డాక్టరు, ఒక మహిళా డాక్టరు ఉండాలని నిబంధన. వాళ్ళు వచ్చిన రోజు ఎత్తు, బరువు చూపించి వెనక వరుసలోకి జారుకోకండి. చొక్కా విప్పడానికి సిగ్గయితే పక్కకు పిలిచి, ముందు ఆ నోటుబుక్కు చేతికివ్వండి.